కాలర్ ఐడీలో నంబరు దొరికింది... ఇక చట్టం ఏం చేస్తుంది?

ప్రశ్న: మేం రిటైరైన ఉపాధ్యాయ దంపతులం. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఫోను ఇంకా వాడుతున్నాం. కొన్ని నెలలుగా వేళాపాళా లేకుండా కాల్స్ వస్తున్నాయి. ఒక్కోసారి ఎత్తితే అవతల మాట ఉండదు. ఒక్కోసారి ఓ మగ గొంతు నాతో అసభ్యంగా మాట్లాడుతోంది. మా వారు ఎత్తితే అవతలివాళ్లు వెంటనే పెట్టేస్తారు. మా అబ్బాయి కాలర్ ఐడీ పెట్టె కొని పంపించాడు. దాన్ని బిగించుకోవడానికి ఎవరి అనుమతి అయినా కావాలా? అందులో కనిపించిన నంబరు పోలీసుల దగ్గర, కోర్టులో చెల్లుతుందా? నంబరు కనబడకుండా చేసేవాళ్ల సంగతేమిటి? ఆ మాటలు రికార్డు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మీ నాలుగు ప్రశ్నలకూ క్లుప్తంగా చెబుతాను. పెట్టె బిగించుకోవడానికి పోలీసు అనుమతి, లైసెన్సు ఏవీ అక్కర్లేదు. అందులో కనిపించిన నంబరు ఫిర్యాదుకు చక్కటి ఆధారం, కానీ నేరస్థుడు ఎవరో అదొక్కటే రుజువు చేయదు. నంబరు మీకు కనబడకపోయినా టెలిఫోన్ కంపెనీకి కనబడుతుంది. మీతో మాట్లాడిన మాటలు మీరు రికార్డు చేసుకోవచ్చు, మీరు లేని సంభాషణ చేయకూడదు. ఇక వివరాల్లోకి వెళదాం. మీ కేసు బలం కనిపించిన అంకెల్లో కంటే ఆ అంకెల పక్కన మీరు నమోదు చేసుకునే తేదీ, సమయంలోనే ఎక్కువగా ఉంటుంది.

అనుమతి ఎవరిది, సేవ ఎవరిది

కాలర్ ఐడీ పని చేయాలంటే రెండు ఉండాలి. ఒకటి మీ అబ్బాయి పంపిన పెట్టె. రెండోది నంబరు చూపించే సదుపాయం. అది టెలిఫోన్ కంపెనీ మీ లైనుకు ఇవ్వాలి. ఆ సదుపాయం లేకపోతే ఎంత ఖరీదైన పెట్టె అయినా గడియారంలా సమయం చూపిస్తూ కూర్చుంటుంది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో దరఖాస్తు ఇవ్వాలి. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. ఫోనులో అడిగితే ఫిర్యాదు నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. ఛార్జీ ఏమైనా ఉంటే ముందే తెలుసుకుని, తర్వాత బిల్లులో సరిచూసుకోండి.

పెట్టె కొన్న బిల్లు, వారంటీ కార్డు పారేయకండి. రెండు తీగల టెలిఫోన్ పరికరాలకు 2019 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ పరీక్ష, ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. అందుకని ఊరూ పేరూ లేని సరుకు కాకుండా ధ్రువీకరణ ఉన్నది కొనడం మంచిది. రేపు ఈ పెట్టె కోర్టులో ఒక వస్తువుగా నిలబడాల్సి వస్తే, ఎక్కడ కొన్నారు, ఎవరిది అన్న ప్రశ్నలకు ఆ బిల్లే జవాబు చెబుతుంది.

బిగించేటప్పుడే మొదలయ్యే సాక్ష్యం

గోడకున్న సాకెట్ నుంచి వచ్చే తీగను పెట్టె వెనక ‘లైన్’ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టండి. ‘ఫోన్’ అని ఉన్న రంధ్రం నుంచి మరో తీగ మీ టెలిఫోనుకు వెళ్లాలి. అదే లైను మీద బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫిల్టరు తర్వాతే పెట్టెను తగిలించాలి, లేదంటే అంకెలు చెదిరిపోతాయి, అసలు రాకపోవచ్చు కూడా. ఫైబర్ కనెక్షన్ అయితే మోడెమ్ వెనక టెలిఫోన్ కోసం ఉన్న రంధ్రానికి కలపాలి.

నంబరును పంపడానికి ఎక్స్ఛేంజీలు రెండు పద్ధతులు వాడతాయి: ఎఫ్‌ఎస్‌కే, డీటీఎంఎఫ్. మన దేశంలో రెండూ ఉన్నాయి కాబట్టి రెండింటికీ పనికొచ్చే పెట్టె అయితే బెంగ ఉండదు. కొన్ని పెట్టెల్లో సెట్టింగ్ మార్చాల్సి వస్తుంది. ఎఫ్‌ఎస్‌కే పద్ధతిలో చాలాచోట్ల నంబరు మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్యలో వస్తుంది. మొదటి రింగుకే రిసీవర్ ఎత్తేస్తే ఆ కాల్ నంబరు దక్కదు. అందుకే రెండు రింగులు ఆగి, అంకెలు చూసి ఎత్తడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

ఇప్పుడు న్యాయవాదిగా నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట: పెట్టెలో గడియారం సరిచేయండి. ఎఫ్‌ఎస్‌కే పద్ధతిలో ఎక్స్ఛేంజీ నంబరుతో పాటు తేదీ, సమయం కూడా పంపగలదు. డీటీఎంఎఫ్‌లో వచ్చేది నంబరు ఒక్కటే. సమయం పెట్టె తన సొంత గడియారంలోంచి వేసుకుంటుంది. ఆ గడియారం ముప్పావు గంట తప్పు నడుస్తుంటే, మీ పెట్టెలో రాత్రి 11.15కి ఉన్న కాల్ కంపెనీ రికార్డులో 10.30కి ఉంటుంది. అవతలి పక్షం న్యాయవాదికి అంతకంటే ఏం కావాలి? తేదీ వరుస కూడా చూసుకోండి. చాలా పెట్టెలు నెలను ముందు, తేదీని తర్వాత చూపిస్తాయి. 03/07 అంటే మన లెక్కలో జులై 3, ఆ పెట్టె లెక్కలో మార్చి 7.

పెట్టె జ్ఞాపకశక్తికి హద్దుంది. నిండాక కొత్త నంబరు వస్తే పాతది చెరిగిపోతుంది. చాలా పెట్టెల్లో బ్యాటరీ పూర్తిగా అయిపోతే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ఫోను పక్కన ఓ నోటుపుస్తకం ఉంచండి. అందులో తేదీ, సమయం, తెర మీద కనిపించిన నంబరు, ఫోను ఎవరు ఎత్తారు, అవతల ఏమన్నారు, ఎంతసేపు అన్న వివరాలు వెంటనే, ఒకే సిరాతో, కొట్టివేతలు లేకుండా రాయండి. ముఖ్యమైన కాల్స్ వచ్చినప్పుడు పెట్టె తెరను మొబైల్‌తో ఫొటో తీయండి. కేసు తేలేదాకా పెట్టెలోని నంబర్లు చెరపవద్దు, పెట్టెను మార్చవద్దు.

‘పి’ అని వస్తే, ‘ఓ’ అని వస్తే

కొన్ని కాల్స్‌కు అంకెల బదులు ‘ప్రైవేట్’ అనో, ‘పి’ అనే ఇంగ్లిష్ అక్షరమో వస్తుంది. కాల్ చేసినవారి నంబరు చూపించవద్దని నెట్‌వర్క్‌లో గుర్తు పెట్టారని దాని అర్థం. ‘ఔట్ ఆఫ్ ఏరియా’ అనో, ‘ఓ’ అనో వస్తే, నంబరు మీ ఎక్స్ఛేంజీ దాకా అందలేదని అర్థం. ఈ రెండోదాంట్లో ఎవరి దురుద్దేశమూ ఉండాల్సిన పని లేదు. ఫిర్యాదులో ఈ తేడా పాటించండి, తెర మీద ఏ అక్షరం వచ్చిందో అదే రాయండి.

నంబరు దాచుకునే సదుపాయం మన దేశంలో అడిగిన ప్రతివాడికీ ఇచ్చేది కాదు. టెలికాం లైసెన్సు షరతుల ప్రకారం దాన్ని మామూలుగా ఇవ్వకూడదు. ఎందుకు కావాలో విచారించాకే ఇవ్వాలి. తీసుకున్నవాళ్ల పూర్తి చిరునామాలు అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థలు చూసుకునేలా ఉంచాలి. కాల్ సెంటర్లకు, టెలిమార్కెటింగ్ వాళ్లకు అసలు ఇవ్వకూడదు. అంటే ‘ప్రైవేట్’ అని చూపించే కాల్ చేసినవాడు చట్టం కళ్లు కప్పలేడు, మీ పెట్టె కళ్లు మాత్రమే కప్పాడు. ఎక్స్ఛేంజీకి ఆ నంబరు తెలుసు. అలాంటి కాల్ వచ్చినప్పుడు సమయం నిమిషంతో సహా రాసిపెట్టుకుంటే, పోలీసులు ఆ నిమిషాన్ని పట్టుకుని అసలు నంబరు తీయగలరు. పదేపదే వేధింపు కాల్స్ వస్తుంటే వాటి మూలాన్ని గుర్తించే ఏర్పాటు డిజిటల్ ఎక్స్ఛేంజీల్లో ఉంటుంది. మీ ఫిర్యాదులో దాన్నీ కోరండి.

ఇక నంబరును మార్చి చూపించేవాళ్ల సంగతి. విదేశాల నుంచి ఇంటర్నెట్ ద్వారా చేసిన కాల్‌ను మన దేశపు నంబరులా కనిపించేలా చేసే మోసగాళ్లున్నారు. వీటిని ఆపడానికి టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న ఓ వ్యవస్థను మొదలుపెట్టింది. మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే అది సుమారు 1.35 కోట్ల కాల్స్‌ను అడ్డుకుందని ప్రభుత్వం ప్రకటించింది. అయినా తెర మీద పోలీస్ స్టేషన్ నంబరు కనిపించినంత మాత్రాన అవతల ఉన్నది పోలీసే అనుకోకండి. టెలికాం చట్టం-2023లోని సెక్షన్ 42 ప్రకారం టెలికాం గుర్తింపు సంఖ్యలను తారుమారు చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది.

నంబరు అంటే మనిషి కాదు

ఒకవేళ పెట్టెలో స్పష్టంగా ఓ నంబరు కనిపించింది, అది మీ వీధిలోని ఎవరిదో అని తేలింది అనుకుందాం. అక్కడ ఆగండి. ఆ నంబరు చెప్పేది కాల్ ఏ లైను నుంచి వచ్చిందో మాత్రమే. రిసీవర్ పట్టుకున్నది ఎవరో చెప్పదు. ఆ ఇంట్లో నలుగురు ఉండవచ్చు, అది దుకాణంలో అందరూ వాడే ఫోను కావచ్చు, వేరే ఎవరో దొంగ పత్రాలతో తీసుకున్న సిమ్ కావచ్చు.

అందుకే మూడు పనులు చేయవద్దు. ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేసి తిట్టకండి. రేపు వాళ్ల ఫోనులో మీ నంబరు, మీ తిట్లు రెండూ రికార్డై ఉంటే ఫిర్యాదీ ముద్దాయి అవుతారు. ఆ నంబరును పేరుతో సహా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తప్పు వ్యక్తి అయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద మీ మీదే పరువునష్టం కేసు రావచ్చు. మూడోది, ‘కాల్ లిస్టు తెప్పిస్తాం’ అని డబ్బు అడిగే ప్రైవేటు డిటెక్టివ్‌ల జోలికి వెళ్లకండి. టెలికాం కంపెనీ సమాచారాన్ని అనుమతి లేకుండా సంపాదించడం, చేతులు మార్చడం టెలికాం చట్టంలోని అదే సెక్షన్ 42 కింద నేరం. శిక్ష మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆ నంబరు ఎవరిదో చెప్పమని మీరు నేరుగా కంపెనీని అడిగినా చెప్పరు. అవతలి వినియోగదారుడి గోప్యతను కాపాడటం వాళ్ల బాధ్యత. ఆ సమాచారం రాబట్టే దారి పోలీసులది, కోర్టుది.

ఏ మాటకు ఏ సెక్షన్

2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తేదీ తర్వాత జరిగినవాటికి కొత్త సెక్షన్లే వర్తిస్తాయి. మీ విషయంలో పనికొచ్చేవి ఇవి.

ఫోనులో మహిళతో లైంగికపరమైన మాటలు మాట్లాడితే సెక్షన్ 75 కింద ఏడాది దాకా జైలు. లైంగిక కోరికలు తీర్చమని అడిగితే మూడేళ్ల దాకా. ఆమె గౌరవానికి భంగం కలిగించాలని మాటలన్నా, శబ్దాలు చేసినా సెక్షన్ 79 కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఇష్టం లేదని ఆమె స్పష్టం చేశాక కూడా ఓ మగవాడు పదేపదే మాట కలపడానికి ప్రయత్నిస్తే అది సెక్షన్ 78 కింద వెంటాడటం. మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ రుజువైతే ఐదేళ్ల దాకా జైలు. ‘ఇష్టం లేదని స్పష్టం చేశాక’ అన్న షరతు గుర్తుంచుకోండి. ఈసారి ఆ గొంతు వినిపిస్తే ఒక్కసారి, ఒకే వాక్యంలో ‘ఈ నంబరుకు ఇక ఫోన్ చేయవద్దు’ అని చెప్పి పెట్టేయండి. ఆ మాట అన్న సమయం నోటుపుస్తకంలో రాయండి. ఆ తర్వాత వచ్చే ప్రతి కాల్ ఈ సెక్షన్‌కు బలమిస్తుంది.

బెదిరింపులుంటే సెక్షన్ 351. మామూలు బెదిరింపుకు రెండేళ్ల దాకా, చంపుతామనో తీవ్రంగా గాయపరుస్తామనో అంటే ఏడేళ్ల దాకా జైలు. పేరు, చిరునామా దాచిపెట్టి బెదిరిస్తే అదే సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ కింద ఇంకో రెండేళ్ల దాకా అదనం. నంబరు దాచి బెదిరించేవాళ్ల విషయంలో ఈ ఉపసెక్షన్‌ను ఫిర్యాదులో ప్రస్తావించవచ్చు.

మాట లేకుండా పెట్టేసే కాల్స్ ఒక్కొక్కటిగా చూస్తే ఈ సెక్షన్లలో ఇమడటం కష్టం. కానీ అదే నంబరు నుంచి, అదే వేళల్లో, అసభ్యపు కాల్స్‌తో కలిసి వస్తున్నప్పుడు అవి వేధింపు క్రమాన్ని చూపిస్తాయి. కాబట్టి వాటినీ నమోదు చేయండి. పైగా 1951 నాటి భారత టెలిగ్రాఫ్ నియమాల్లో 427వ నియమం ఎవరినైనా విసిగించడానికి, అసభ్య సందేశాలకు టెలిఫోనును వాడకూడదని చెబుతుంది. టెలిఫోన్ కంపెనీకి రాసే ఫిర్యాదులో దాన్ని ఉదహరించండి.

స్టేషన్‌లో మీ హక్కులు

సెక్షన్ 75, 78, 79 కింది నేరాల్లో పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే కేసు కట్టవచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీకు దగ్గర్లో ఉన్న స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలుంది. స్టేషన్‌లో ‘విచారించి చెబుతాం’ అంటే ఆ గడువు గుర్తుచేయండి.

ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు చేయవచ్చు. పోలీసులు స్వయంగా దర్యాప్తు చేయలేని చిన్న నేరమని తేల్చితే సెక్షన్ 174 కింద వివరాలు పుస్తకంలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి. అంతేగానీ ఉత్త చేతులతో తిప్పి పంపకూడదు.

అత్యవసరమైతే 112కు, మహిళల సాయానికి 181కి, వృద్ధుల సాయానికి 14567కు ఫోన్ చేయవచ్చు. తెలంగాణలో ఉన్న పాఠకులు షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చెబుతోంది. అందుకు 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

ఆలస్యం మాత్రం చేయకండి. టెలికాం కంపెనీలు కాల్ వివరాల రికార్డులను కనీసం రెండేళ్లు భద్రపరచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతులు సవరించింది. ఆ గడువు దాటితే ఆ రికార్డులు ఉంటాయన్న భరోసా లేదు. అప్పుడు మీ పెట్టెలోని అంకెలను సరిచూసుకునే రెండో ఆధారం ఉండదు.

మాటలు రికార్డు చేస్తే

మీకు వచ్చిన కాల్‌ను, మీరు పాల్గొన్న సంభాషణను రికార్డు చేసి ఫిర్యాదుకు జత చేయవచ్చు. మీరు లేని సంభాషణను చాటుగా వినడం, రికార్డు చేయడం వేరు. ఇంట్లో ఒకే లైను మీద రెండు ఫోన్లు ఉంటే రెండో గదిలో రిసీవర్ ఎత్తి ఇతరుల మాటలు టేపు చేయడం అలాంటిదే. ఫోను సంభాషణ వ్యక్తిగత గోప్యతలో భాగమని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఫోన్ ట్యాపింగ్ కేసులో చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది.

మన హైకోర్టుదే ఒక తీర్పు ఈ విషయంలో తరచూ చర్చకు వస్తుంది. భార్యకు తెలియకుండా ఆమె ఫోను మాటలను భర్త రికార్డు చేయడం చట్టవిరుద్ధమని, ఆమె గోప్యతకు భంగమని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 2025 జులై 14న సుప్రీంకోర్టు భార్యాభర్తల వివాదాల్లో అలాంటి రికార్డింగును సాక్ష్యంగా చూడవచ్చని చెప్పింది. అది దాంపత్య వివాదాల్లో సాక్ష్యానికి సంబంధించిన తీర్పు. ఇంట్లో వాళ్ల ఫోన్లన్నీ టేపు చేసుకోవచ్చని ఇచ్చిన అనుమతి కాదు.

కోర్టులో పెట్టె నిలబడేది ఇలా

కాలర్ ఐడీ పెట్టెలో ఉన్నది ఎలక్ట్రానిక్ రికార్డు. దాని ఫొటో గానీ, నకలు గానీ కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. కొత్త చట్టంలో ఆ పత్రానికి రెండు భాగాలున్నాయి. ఒకటి పరికరం బాధ్యత ఉన్నవారు, రెండోది నిపుణులు నింపాలి. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి, బోనెక్కి అది తనదని, తానే వాడానని చెబితే ఆ పత్రం అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు పాత చట్టం మీద ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. పెట్టెను, బిల్లును భద్రంగా ఉంచమని చెప్పింది ఇందుకే. పోలీసులు పెట్టెను స్వాధీనం చేసుకుంటే దాని పంచనామా, రసీదు అడగండి. టెలికాం కంపెనీ ఇచ్చే కాల్ రికార్డులకు ధ్రువపత్రం తెప్పించే బాధ్యత దర్యాప్తు అధికారిది.

కోర్టులో ఇవి మూడూ కలవాలి: మీ నోటుపుస్తకం, పెట్టెలోని రికార్డు, కంపెనీ ఇచ్చిన జాబితా. ఒక్కోదాంట్లో లోపం ఉండవచ్చు. మూడింటిలోనూ ఒకే నిమిషానికి ఒకే నంబరు ఉంటే దాన్ని కాదనడం కష్టం.

అమ్మకాల కాల్స్, మోసపు కాల్స్

పెట్టె బిగించాక మీకు ఇంకో ప్రయోజనం ఉంది. అమ్మకాల కాల్స్ మీద ఫిర్యాదుకు కావాల్సింది నంబరు, తేదీ, ఏం అమ్మబోయారన్న వివరమే. ల్యాండ్‌లైన్ నుంచి కూడా 1909కు ఫోన్ చేసి ఇలాంటి కాల్స్ వద్దని నమోదు చేసుకోవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సవరించిన నియమాల ప్రకారం కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. ముందు మూడు రోజులే ఉండేది. నమోదు కాని మార్కెటింగ్ కాల్స్ మీద ఫిర్యాదు చేయడానికి మీరు ముందుగా ‘వద్దు’ జాబితాలో చేరి ఉండాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేదు.

140తో మొదలయ్యే నంబర్లు ప్రచార కాల్స్‌కు కేటాయించినవి. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు తమ ఖాతాదారులతో సేవల విషయాలు మాట్లాడటానికి 1600తో మొదలయ్యే వరుసను కేటాయించారు. బ్యాంకు పేరు చెప్పి మామూలు పది అంకెల నంబరు నుంచి ఓటీపీ అడిగితే అనుమానించండి. సీబీఐ అనో, కస్టమ్స్ అనో చెప్పి ‘డిజిటల్ అరెస్టు’ చేశామంటే పెట్టేయండి, మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. ప్రభుత్వోద్యోగిలా నటించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 204 కింద నేరం, ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోకపోయినా అనుమానాస్పద కాల్స్‌ను సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’లో తెలియజేయవచ్చు.

కంపెనీ సేవ ఇవ్వకపోతే

దరఖాస్తు ఇచ్చినా నంబరు చూపించే సదుపాయం ఇవ్వకపోతే, ఇచ్చినా పనిచేయకపోతే, వేధింపు కాల్స్ ఫిర్యాదును పట్టించుకోకపోతే అది సేవాలోపం. ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేసి నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లో అదే కంపెనీ అప్పిలేట్ అధికారికి అప్పీలు చేయండి. దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. ఈ రెండంచెలకూ రుసుము లేదు.

తర్వాత రెండు దారులున్నాయి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు సేవకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. టెలిఫోన్ వివాదాలు వినియోగదారుల కమిషన్లకు రావని వాదించేవారు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రెండో దారి శాశ్వత లోక్ అదాలత్. టెలిఫోన్ సేవ ప్రజా వినియోగ సేవల జాబితాలో ఉంది కాబట్టి అక్కడ ఫీజు లేకుండా దరఖాస్తు చేయవచ్చు. రాజీ కుదరకపోతే ఆ అదాలతే తీర్పు ఇవ్వగలదు. సివిల్ కోర్టుకు వెళ్లే ముందే అక్కడికి వెళ్లాలి. పెట్టె పనిచేయకపోతే మాత్రం ఫిర్యాదు టెలిఫోన్ కంపెనీ మీద కాదు, అమ్మిన దుకాణం, తయారీదారు మీద. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నమూనా ఫిర్యాదు

కింది నమూనాను మీ వివరాలతో నింపుకోండి. ఒక ప్రతి స్టేషన్‌కు, ఇంకో ప్రతి టెలిఫోన్ కంపెనీకి.

“స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,

నా పేరు ______, చిరునామా ______. నా ల్యాండ్‌లైన్ నంబరు ______. ______ తేదీ నుంచి నా ఫోనుకు పదేపదే అసభ్యపు కాల్స్, మాట లేని కాల్స్ వస్తున్నాయి. ఫోన్ చేయవద్దని ______ తేదీన ______ గంటలకు స్పష్టంగా చెప్పాను. అయినా ఆగలేదు. నా కాలర్ ఐడీలో కనిపించిన నంబర్లు, తేదీలు, సమయాలు, అవతలివారు అన్న మాటలు జతచేసిన జాబితాలో ఉన్నాయి. నంబరు కనబడని కాల్స్‌ను కూడా విడిగా గుర్తించాను. కేసు నమోదు చేసి, నా నంబరుకు వచ్చిన కాల్స్ రికార్డులను కంపెనీ నుంచి తెప్పించి, అవి చెరిగిపోకుండా భద్రపరచమని కోరుతున్నాను. కాలర్ ఐడీ పెట్టె నా దగ్గర ఉంది, కోరినప్పుడు చూపిస్తాను. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఇప్పించగలరు.

సంతకం, తేదీ”

అవతలివారు అన్న మాటలను, ఎంత అసభ్యంగా ఉన్నా, ఉన్నవి ఉన్నట్టే జాబితాలో రాయండి. ‘చెప్పరాని మాటలు’ అని వదిలేస్తే ఏ సెక్షన్ వర్తిస్తుందో పోలీసులూ చెప్పలేరు, కోర్టూ చెప్పలేదు. మహిళా అధికారి ముందు చెబుతానని అడగండి. సెక్షన్ 75, 78, 79 కింది నేరాల్లో బాధితురాలే ఫిర్యాదు ఇస్తే దాన్ని మహిళా పోలీసు అధికారి గానీ, మహిళా అధికారి గానీ నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతోంది.

అమ్మా, మీ వరకు చేయాల్సిన పనుల వరుస ఇది. రేపు కంపెనీకి దరఖాస్తు, పెట్టె బిగించాక గడియారం సరిచేయడం, నోటుపుస్తకం తెరవడం. తర్వాతి కాల్‌లో ‘చేయవద్దు’ అన్న ఒక్క మాట. ఆపైన ఇంకో కాల్ వచ్చినా స్టేషన్‌కు వెళ్లండి. జాబితా పెరగాలని నెలల తరబడి ఎదురుచూడకండి. బెదిరింపు గానీ, ఇంటి చిరునామా, మీ రాకపోకల వివరాలు తెలిసినట్టు మాటలు గానీ వినిపిస్తే ఈ వరుసంతా పక్కనపెట్టి అప్పుడే 112కు ఫోన్ చేయండి. నోటుపుస్తకం ఆ తర్వాత రాసుకోవచ్చు.